మార్చాను అన్న మాట

తెల్లవారేసరికి ఆకాశం నిండా మబ్బు కమ్ముకొని ఉంది గాని చుక్క రాలేటట్టు లేదు. సూర్యుడు వెనకాల ఎక్కడో ఉన్నాడనడానికి గుర్తుగా తూర్పున ఒక తెల్లటి మరక, అంతే. గాలి ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోయింది. ఇలాంటి రోజున ఏసీ మేస్త్రీ ఇంట్లో ఫోను ఊరుకోదు. అతను ముఖం కడుక్కునేలోపే మూడుసార్లు మోగింది. మొదటి రెండూ ఎప్పుడూ పిలిచే ఇళ్ళే. మూడోసారి పలికిన గొంతు విని, తువ్వాలు భుజాన వేసుకోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

టైలరమ్మ. ఆరేళ్ళ కిందట మళ్ళీ నా గడప తొక్కొద్దని అన్న మనిషి. ఇప్పుడు ఏమీ జరగనట్టే మాట్లాడింది. నిన్న సాయంత్రం నుంచి ఏసీలోంచి గాలి రావడం లేదట. బయటి పెట్టె మాత్రం గుర్రుమంటూనే ఉందట. తర్వాత పెట్టుకున్న మెకానిక్ ఊరు వదిలి వెళ్ళిపోయాడట. వంద జతల స్కూలు చొక్కాలు ఒప్పుకుందట, చెమట చేతులతో తెల్లబట్ట ముట్టుకుంటే మరకలు పడుతున్నాయట. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి, చివర్లో మాత్రం కాస్త ఆగి, "వస్తావా?" అని అడిగింది.

మేస్త్రీ భార్య పొయ్యి దగ్గర ఉంది. ఎవరని అడిగింది. చెప్పాడు. గరిటె చప్పుడు ఆగింది, కొంతసేపటికి మళ్ళీ మొదలైంది. వెళ్తారా అని అడిగింది, ఇటు తిరగకుండానే. పిలిచాక వెళ్ళక ఏం చేస్తానన్నాడు. టైలరమ్మ మాట ఆ ఇంట్లో ఎత్తక ఆరేళ్ళయింది. ఆవిడతో పాటు ఇంకొక మనిషి మాట కూడా ఎత్తడం మానేశారు. ఆ మనిషి మేస్త్రీ భార్య తమ్ముడు.

బావమరిది గ్యారేజీలో పెరిగినవాడు. పన్నెండేళ్ళు లారీల కింద వెల్లకిలా పడుకొని పని నేర్చాడు. ఆ గ్యారేజీ మూతపడ్డాక అక్క మాట మీద మేస్త్రీ అతన్ని తన పనిలో పెట్టుకున్నాడు. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. ఏ మిషను విప్పినా నేల మీద గుడ్డ పరిచి, విప్పిన వరసలోనే స్క్రూలు పేర్చుకొనేవాడు. అతను మూత బిగించి లేచాక కింద ఒక్క స్క్రూ మిగిలేది కాదు. మేస్త్రీ పనిలో అప్పుడప్పుడూ ఒకటీ అరా మిగులుతుండేవి, వాటిని అతను చూడనట్టు జేబులో వేసుకొనేవాడు. మూడేళ్ళు గడిచేసరికి సంచి బావమరిది భుజాన వేసి ఒంటరిగా ఇళ్ళకు పంపేంత నమ్మకం కుదిరింది. ఇద్దరూ కలిసి ఒక చిన్న దుకాణం తెరవాలని మేస్త్రీ మనసులో ఉండేది. పైకి ఎప్పుడూ అనలేదు.

అలాంటి రోజుల్లో ఒక వేసవిలో టైలరమ్మ ఇంట్లో ఏసీ లోపల గాలి తోసే బ్లోయరు ఆగిపోయింది. మేస్త్రీ వేరేచోట చిక్కుకొని బావమరిదిని పంపాడు. మధ్యాహ్నం ఫోను చేసి ఏమైందని అడిగితే అతను చెప్పింది రెండే ముక్కలు. మోటారు వైర్లు మార్చాను బావా, తిరుగుతోంది. మేస్త్రీ సరే అన్నాడు. నాలుగో రోజున ఆ మోటారు కాలిపోయింది. గది నిండా నల్లటి పొగ. టైలరమ్మ కత్తిరించి పెట్టుకున్న బట్టలన్నీ మసిబారాయి. బావా బావమరుదులిద్దరూ పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ వీధిలో నిలబడి ఉంది, చుట్టూ ఇరుగుపొరుగు మూగి ఉన్నారు.

ఏసీ పనిలో ఉన్నవాళ్ళకి వైర్లు మార్చడమంటే ఒకటే అర్థం. ఫ్యాను వెనక్కి తిరిగినా, గాలి సరిగా తోయకపోయినా, మోటారుకి వెళ్ళే రెండు వైర్లను అటుది ఇటు, ఇటుది అటు పెట్టి చూస్తారు. అవసరం లేనిచోట అలా పెడితే మోటారు లోలోపల వేడెక్కి నాలుగు రోజుల్లో మాడిపోతుంది. మేస్త్రీకి ఆ పొగ చూడగానే ఫోనులో విన్న మాట గుర్తొచ్చింది. ఇంకేమీ చూడాలనిపించలేదు. గడప ఎక్కలేదు, మూత విప్పలేదు. అక్కడే, నలుగురి మధ్య అడిగాడు.

"నువ్వు వైర్లు మార్చావా లేదా?"

"మార్చాను."

"ఎవరు మార్చమన్నార్రా?"

"మార్చాల్సి వచ్చింది, మార్చాను."

ఆ జవాబులో పొగరు కనిపించింది మేస్త్రీకి. అతని భుజం మీది సంచి లాక్కున్నాడు. ఇంకోసారి ఈ సంచి ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాడు. చేతకాని పనికి వచ్చి నా పేరు తగలబెట్టావన్నాడు. గ్యారేజీలో ఇనుము మోసుకునేవాణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకోవడం నాదే బుద్ధిలేని పని అని కూడా అన్నాడు. బావమరిది అంతా విన్నాడు. చొక్కా జేబులో ఉన్న చిన్న స్క్రూడ్రైవరు తీసి సంచి మీద పెట్టి, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు. మూడో రోజు తన ట్రంకుపెట్టె కూడా తీసుకుపోయాడు. ఆ వీధిలో, పక్క వీధుల్లో మళ్ళీ ఎవరూ అతన్ని పనికి పిలవలేదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పనికి కుదిరాడని ఒకరి నోట, పెళ్ళి చేసుకున్నాడని మరొకరి నోట, ఆడపిల్ల పుట్టిందని ఇంకొకరి నోట విన్నారు.

మేస్త్రీ భార్య ఈ విషయం ఒకే ఒక్కసారి ఎత్తింది. గోడ అవతల మిషను మూలిగితే ఇవతల నుంచి దాని జబ్బు చెప్తారు, ఎదురుగా నిలబడ్డ మనిషి చెప్పేది మాత్రం మీ చెవికెక్కదు అంది. మేస్త్రీ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

టైలరమ్మ ఇల్లు ఏమీ మారలేదు. ముందుగదే కుట్టుగది. రెండు మిషన్లు, వాటి మధ్య పొడవాటి కత్తిరింపు బల్ల, గోడవారగా తెల్లచొక్కాల దొంతరలు, వాటి మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి. ఆవిడ మెడలో టేపు అప్పటిలాగే వేలాడుతోంది. జుట్టు మాత్రం పూర్తిగా నెరిసింది. మంచినీళ్ళు తాగుతావా అని ఆవిడ, ముందు మిషను చూస్తానమ్మా అని అతను. ఒకరి ముఖం ఒకరు నేరుగా చూడకుండానే పని మాటల్లో పడ్డారు. రిమోటులో బొత్తాలన్నీ నొక్కిచూశానని, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టానని, ఆఖరికి చీపురుకట్టతో దాని నెత్తిన రెండు తగిలించానని కూడా ఆవిడ చెప్పింది.

"మా ఆయన్నీ అలాగే లేపేదాన్ని. ఆయనైతే లేచేవాడు" అంది.

మేస్త్రీకి నవ్వు వచ్చింది గాని పెదవి దాటలేదు. స్విచ్చి వేశాడు. కాసేపటికి బయటి పెట్టె తిరగడం మొదలుపెట్టింది. లోపలి పెట్టె రెక్క తెరుచుకుంది. దాని కింద అరచెయ్యి పెట్టాడు. గాలి లేదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన పెట్టె పక్కన ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అది అతని అలవాటు. లోపల సన్నటి మూలుగు వినిపించింది. అంటే మోటారుకి కరెంటు అందుతోంది, తిరగాలని చూస్తోంది, తిరగలేకపోతోంది.

స్విచ్చి కట్టేసి ముందు మూత ఎత్తాడు. అనుకున్నట్టే లోపలి గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుంది. గాలి కదలకపోతే చల్లదనమంతా అక్కడే గడ్డకడుతుంది. అది కరిగేదాకా చెయ్యి పెట్టడానికి లేదు. కింద ఒక తొట్టి పెట్టి, దుమ్ము పట్టిన జల్లెళ్ళు రెండూ ఊడదీసి, కడగడానికి పెరట్లోకి వెళ్ళాడు.

పెరటి తలుపు మూసుకుపోకుండా కింద ఒక మోటారు అడ్డం పెట్టి ఉంది.

మసి ఇంకా వదల్లేదు. వైర్ల మీద ఒక గుడ్డ పీలిక చుట్టి ముడివేసి ఉంది. అదేమిటని అడగాల్సిన పని లేకపోయింది. అతను చూస్తున్నది గమనించి టైలరమ్మ బల్ల దగ్గర నుంచే చెప్పింది. మీ తర్వాత వచ్చిన మెకానిక్ కొత్త మోటారు వేసి పాతది ఇక్కడే పడేసి పోయాడు, పారేయబుద్ధి కాలేదు, ఆరేళ్ళుగా తలుపు కాస్తోంది అని. మేస్త్రీ ఊ కొట్టి నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళాడు. జల్లెళ్ళు అవసరమైనదానికంటే ఎక్కువసేపే కడిగాడు.

తిరిగి వచ్చేసరికి మంచు కరిగి నీళ్ళు టపటపా పడుతున్నాయి. కవరు మొత్తం ఊడదీశాడు. కెపాసిటరులో మిగిలిన కరెంటు దించేసి మీటరు పెట్టి చూశాడు. బాగానే ఉంది. మోటారు వైర్ల మీద పెట్టాడు. లోపలి తీగచుట్లూ బాగానే ఉన్నాయి. ఇంక మిగిలింది వేలు. బ్లోయరు చక్రం మీద వేలు పెట్టి ఒక్క తోపు తోశాడు. మంచి చక్రమైతే ఆ తోపుకి నాలుగు చుట్లు తిరగాలి. ఇది అరచుట్టు తిరిగి, గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయింది. తప్పు కరెంటుదీ కాదు, మోటారుదీ కాదు. చక్రం కుడి కొన మోటారుకి బిగించి ఉంటుంది, ఎడమ కొన చిన్న బుష్‌లో కూర్చుని తిరుగుతుంది. పట్టేసింది ఆ బుష్.

గొట్టాల పెట్టెను ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో బుష్ బయటికి లాగాడు. ఎవరో దాని నిండా గ్రీజు కుక్కి వదిలేశారు. అది ఎండి నల్లగా రాయిలా గట్టిపడింది. గుడ్డతో తుడిచాడు. తుడుస్తుంటే అంచు మీద గోటి ముద్రలాంటి ఒక గాటు కనిపించింది.

ఆ గాటు తనదే.

పొగ వచ్చిన వేసవిలోనే, దానికి నెల ముందు, సర్వీసుకి వచ్చి ఈ బుష్ విప్పాడు. అప్పటికే బిగుసుకుంటోంది. పెకిలిస్తుంటే స్క్రూడ్రైవరు జారి అంచు లేచింది. సంచిలో కొత్త బుష్ లేదు. బజారుకి పోయి తెచ్చేంత ఓపిక ఆ రోజు లేకపోయింది. రెండు చుక్కలు నూనె వేసి, ఇంకో వేసవి లాగుతుందిలే అనుకొని అలాగే పెట్టేశాడు. టైలరమ్మకి చెప్పలేదు. బావమరిదికీ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతిగా తోచలేదు. ఆ తర్వాత వచ్చిన మెకానిక్ కూడా బుష్ మార్చకుండా గ్రీజుతో నెట్టుకొచ్చినట్టున్నాడు.

మేస్త్రీ స్టూలు మీదే కూర్చుండిపోయాడు. చేతిలో బుష్ ఉంది. బుష్ పట్టేస్తే మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఈడ్చుకుంటూ తిరిగితే వేడెక్కుతుంది. వేడెక్కితే అన్నిటికంటే ముందు కాలేది వైర్ల మీది తొడుగు. ఇంతదాకా లెక్క సాఫీగా వచ్చింది. తర్వాతి మెట్టుకి ఆ పాత మోటారు చూడాలి. లేచి పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. మోటారు ఒళ్ళోకి తీసుకొని గుడ్డ పీలిక ముడి విప్పాడు.

మూడు వైర్లు. మోటారు నుంచి రెండు వేళ్ళ పొడవు వరకు పాతవి, తొడుగు మాడి పెళుసెక్కి ఉన్నాయి. అక్కడి నుంచి ప్లగ్గు దాకా కొత్తవి. తెల్లదానికి తెల్లది, ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది. ఒక్కటి కూడా అటుది ఇటు పోలేదు. ఒక అతుకు పక్కన ఇంకో అతుకు రాకుండా, ఒకదానికంటే ఒకటి కాస్త ఎగువన వేసి, ఒక్కొక్కదాని మీద తొడుగు ఎక్కించి ఉంది. అంత మంటలోనూ ఆ అతుకులు విడలేదు. అలాంటి అతుకు వేసే చెయ్యి మేస్త్రీకి తెలిసి ఒక్కటే.

మార్చాను అంటే కాలినవి తీసేసి కొత్తవి వేశానని. గ్యారేజీ మాట అది. అక్కడ బెల్టు మార్చాను, బ్రేకు గొట్టం మార్చాను అంటే పాతది తీసి కొత్తది వేశానని తప్ప ఇంకో అర్థం లేదు. మూడేళ్ళు తన దగ్గర పని నేర్పించాడు గాని ఈ ఒక్క మాట ఇద్దరి నోటా వేర్వేరుగా పలుకుతోందని మేస్త్రీ ఎన్నడూ గమనించలేదు. ఏం మార్చావు, ఎలా మార్చావు అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. లోపలికి నడిచి నాలుగు స్క్రూలు విప్పినా సరిపోయేది.

టైలరమ్మ వచ్చి వెనకాల నిలబడింది. ఏమైందని అడిగింది. అతను తల ఎత్తకుండా చెప్పాడు. ఆ రోజు కాలింది తన వల్లేనని, నెల ముందే చెడిన బుష్‌ని చూసి కూడా వదిలేశానని, బావమరిది చేసిన పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదని.

ఆవిడ మెడలోని టేపును వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మర్నాడు వచ్చాడు ఆ అబ్బాయి. ఒక్కసారి మోటారు చూసిపోతానమ్మా అన్నాడు. నేను గడప ఎక్కనివ్వలేదు."

మేస్త్రీ విప్పిన గుడ్డ పీలికను మళ్ళీ వైర్లకు చుట్టసాగాడు.

"బతిమాలలేదు కూడా. కాసేపు నిలబడి పోయాడు. వీధి వీధంతా నేనే చెప్పుకొచ్చాను, వాణ్ణి ఇళ్ళల్లోకి రానివ్వకండని" అని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, కుట్టడానికి ఏమీ లేకపోయినా మిషను ముందు కూర్చుంది.

మేస్త్రీ సంచిలోంచి కొత్త బుష్ తీశాడు. వేశాడు. చక్రం మీద వేలు పెట్టి తోశాడు. చప్పుడు లేకుండా నాలుగు చుట్లు తిరిగి మెల్లగా ఆగింది. కవరు బిగించి స్విచ్చి వేశాడు. గాలి వచ్చి బల్ల మీది కాగితపు నమూనాలు లేచిపడ్డాయి. ఇద్దరిలో ఎవరికీ సంతోషం కలగలేదు. మోటారు తీసుకెళ్తానని అడిగాడు. తీసుకుపో, తలుపుకి ఇటుక పెట్టుకుంటాను అంది ఆవిడ. గడప దాటుతుంటే వెనక నుంచి, నేను కూడా అడిగానని చెప్పు అంది. అంతలోనే వద్దులే, అది నేనే వచ్చి చెప్పుకోవాలి అంది.

మిగతా రెండిళ్ళకీ రేపు వస్తానని ఫోను చేసి మేస్త్రీ ఇంటికి వచ్చాడు. భార్య బట్టలు మడతపెడుతోంది. మోటారు ఆమె ముందు నేల మీద పెట్టి, వైర్లు పరిచి చూపించి, మొత్తం చెప్పాడు. బుష్ సంగతి ముందు చెప్పాడు. దాన్ని చివరికి ఉంచుకోవాలని దారిలో ఒకసారి అనిపించింది గాని ఉంచుకోలేదు. ఆమె వైర్ల వంక చూడలేదు. వాటి భాష ఆమెకి తెలియదు. అతని ముఖమే చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండనుకున్నాడు.

"పదండి" అంది లేచి.

తిని వెళ్దామా అన్నాడు. ఆరేళ్ళుగా ముద్ద దిగుతోందిగా, ఒక పూట ఆగితే ఏమవుతుందిలెండి అంది. చెప్పులేసుకుంది. మోటారు సంచిలో పెట్టి మోపెడ్ ముందు వేలాడదీశాడు. దారి పొడవునా అది అతని మోకాలికి తగులుతూనే ఉంది. ఇల్లు ఎక్కడని అతను ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. ప్రతి మలుపు దగ్గరా వెనక నుంచి ఆమె ఎడమకి, కుడికి అని చెప్తూ వచ్చింది. ఎన్నిసార్లు ఆ వీధి మొదటి దాకా వచ్చి వెనక్కి తిరిగిందో అతను అడగలేదు.

ఐసు ఫ్యాక్టరీ వెనక ఒకే వరసలో రేకుల ఇళ్ళు. మూడో ఇంటి అరుగు మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజాము షిఫ్టు చేసి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిగా ఉంది. రెండు చేతులతో వేడినీళ్ళ గ్లాసు పట్టుకొని ఉన్నాడు గాని తాగడం లేదు. మోపెడ్ ఆగడం చూసి లేచాడు. అక్కని చూశాడు, బావని చూశాడు, గ్లాసు కింద పెట్టాడు. రా అక్కా అన్నాడు. కాసేపాగి, రా బావా అన్నాడు.

లోపలి నుంచి నాలుగేళ్ళ పిల్ల వచ్చి తండ్రి కాలు చుట్టుకొని ఎవరు నాన్నా అని అడిగింది. మీ అత్త, మామయ్య అని చెప్పాడు. పిల్ల సంచి వైపు చూసి మామయ్య ఏం తెచ్చాడని అడిగింది. మేస్త్రీ సంచిలోంచి మోటారు తీసి అరుగు మీద పెట్టాడు. పిల్ల దాన్ని ఒకసారి, అతన్ని ఒకసారి చూసి లోపలికి పరుగెత్తింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ గొంతు తగ్గించుకోకుండానే, ఇన్నేళ్ళకి గుర్తొచ్చామే, చేత్తో పాత ఇనుము పట్టుకొచ్చారా మీ మామయ్య అంది. బావమరిది అటు చూసి ఊరుకోమన్నట్టు తల ఆడించాడు. మేస్త్రీ భార్య చెప్పులు విడిచి నేరుగా ఆ వంటింట్లోకే వెళ్ళింది.

అరుగు మీద ఇద్దరే మిగిలారు. బావమరిది కూర్చుని మోటారు తన వైపు తిప్పుకున్నాడు. వైర్లు కళ్ళ దగ్గరికి తెచ్చుకొని అతుకులు ఒక్కొక్కటే చూశాడు.

"ఇవి నేను వేసినవే" అన్నాడు.

"తప్పు నాదిరా. ముందు నెలలో బుష్ పట్టేస్తోందని చూసి కూడా వదిలేశాను. నీకు చెప్పలేదు. మోటారు కాలింది అందుకే." మేస్త్రీకి ఒక్కొక్క మాట లోపలి నుంచి పెకిలించుకున్నట్టు వచ్చింది. "నువ్వు మార్చానంటే, అటుది ఇటు పెట్టావనుకున్నాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"వారం తిరక్కుండానే. ఇక్కడ ఒకాయన ఫ్యాను వెనక్కి తిరుగుతుంటే వైర్లు మార్చు అన్నాడు. కొత్తవి తేనా అని అడిగాను. నవ్వారు అందరూ." బావమరిది కూడా కొంచెం నవ్వబోయి మానుకున్నాడు. "అప్పుడు తెలిసింది నువ్వేం విన్నావో."

"మరి వచ్చి ఒక్క మాట చెప్పకపోయావా?"

"వద్దామనే బయల్దేరాను. వీధి మొదట్లో ఆగిపోయాను." అతను వైర్లు మళ్ళీ మోటారు చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు. "మూడేళ్ళు నా చెయ్యి చూశావు బావా. నేను చెప్తేగాని తెలీదా నీకు అనుకున్నాను."

అవతలి గోడ వెనక ఫ్యాక్టరీలో దిమ్మలు జారే చప్పుడు వినిపిస్తోంది. మేస్త్రీ, రేపటి నుంచి రమ్మని, సంచి నీదేనని, ఆ వీధికి నిన్ను నేనే వెంటబెట్టుకొని వెళ్ళి ప్రతి గడపలోనూ చెప్తానని అన్నాడు. ఆ మాటలు ఎంత గబగబా అన్నాడో, అన్నాక అంత తేలికగా వినిపించాయి అతనికే.

బావమరిది వైరు కొన ముడిలో దోపలేక రెండుసార్లు జారవిడిచాడు. మూడోసారి వదిలేసి చేతులు ముందుకు చాపి చూపించాడు. వేళ్ళ కొసలు తెల్లగా, చర్మం బిరుసెక్కి, గోళ్ళ పక్కన పగిలి ఉన్నాయి.

"స్పర్శ లేదు. నీళ్ళు వేడివో చల్లవో మోచేత్తో చూసుకుంటాను. పిల్ల జడకి రబ్బరు వేయమంటే జారిపోతుంది. ఇంక ఈ వేళ్ళకి స్క్రూ ఏం తెలుస్తుంది."

కోపంగా అనలేదు. చెడిపోయిన సామాను గురించి ఒక పనివాడు ఇంకో పనివాడికి చెప్పినట్టు చెప్పాడు. మేస్త్రీ ఆ చేతులు పట్టుకోబోయి, ఆ హక్కు ఉందో లేదో తెలియక, తన చెయ్యి మోకాలి మీదే ఉంచుకున్నాడు. ఆరేళ్ళ కిందట చేతులు విరగ్గొడతానన్నది తనే. విరగ్గొట్టనక్కర్లేకుండానే ఆ పని అయిపోయింది.

"వైరు అతకడం ఇంకెవరికైనా నేర్పు. తొందరపడి నోరు జారకు, అంతే" అన్నాడు బావమరిది.

లోపల ఆడవాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బావమరిది భార్య గుమ్మంలోకి వచ్చి, ముఖం ఇంకా బిగించుకొనే, లేవండి అన్నయ్యా, చల్లారిపోతుంది అంది. ఉండమని అడగలేదు, వెళ్ళమనీ అనలేదు. నేల మీద చాప పరిచి ఐదు కంచాలు పెట్టి ఉన్నాయి. ముగ్గురికని వండినది ఐదుగురికీ సర్దడంతో అందరికీ కాస్త తక్కువే వచ్చింది.

కూర్చున్నారు. పిల్ల తండ్రికీ అత్తకీ మధ్య చోటు చేసుకొని ఇరుక్కుంది. బావమరిది అన్నం వేళ్ళతో కాకుండా అరచెయ్యి మొత్తం పెట్టి కలుపుకుంటున్నాడు. మేస్త్రీ అది చూసి కళ్ళు కంచంలోకి దించుకున్నాడు. ఏదో అడగబోయిన పిల్ల ఒక్కొక్కరి ముఖం చూసి తనే మానుకుంది. మేస్త్రీ భార్య తన కంచంలోది సగం తీసి, అడగకుండా, తమ్ముడి కంచంలో వేసింది. అతను వద్దనలేదు. తల వంచుకొని, అందరితో పాటు, తినడం మొదలుపెట్టాడు.